మామయ్య సినిమాకి నేనిచ్చిన పాట

మా మామయ్య జీవితం మీద తీసిన సినిమాలో మా అమ్మ ఒకే ఒక్కసారి కనబడుతుంది. చేతిలో అప్పడాల కర్ర ఉంటుంది. వంటింటి గుమ్మంలోంచి "భయ్యా, ఖానా తైయార్ హై" అని పిలిచి మాయమైపోతుంది. నిజానికి అమ్మ మామయ్యకి అయిదేళ్ళు పెద్ద. ఆయన్ని చంకనేసుకుని తిప్పిన మనిషి. భయ్యా అని ఏనాడూ పిలవలేదు, "ఒరే" అనేది. సినిమా వాళ్ళకి ఆ "ఒరే" కూడా బరువైపోయింది.

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. కోపం చల్లారాక రాద్దామని నాలుగేళ్ళు ఆగాను. చల్లారలేదు. ఇంక ఆగి లాభం లేదని ఇలాగే రాస్తున్నాను.

ఫిజీలో మా లంబాసా సినిమా హాల్లో చిన్నప్పుడు పాటగాళ్ళ కథలు చాలా చూశాను. అన్నీ బొంబాయి నుంచి వచ్చినవే, అన్నిట్లోనూ ఒకటే వరస. ఒక పేదవాడు, ఏటి ఒడ్డున ఒక గురువు, ఒక పెద్ద వాన, ఒక సీసా, మూల కూర్చుని ఏడ్చే ఒక ఆడది, ఆఖర్న లేచి నిలబడి చప్పట్లు కొట్టే జనం. పాట మాత్రం వాడి నోట్లోకి ఆకాశం నుంచి ఊడిపడుతుంది. ఒక చరణం నోరు తిరక్క ముప్పై సార్లు తప్పు పాడి, ఇంట్లోవాళ్ళ చేత తిట్లు తిని, మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణి ఏ సినిమాలోనూ చూడలేదు. అది చూపిస్తే టిక్కెట్టెవడు కొంటాడు అంటారా, నిజమే. అలాంటప్పుడు దాన్ని జీవితకథ అనడం మానెయ్యాలి.

మామయ్యకి గొంతుంది. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. చక్కెర మిల్లులో పని దిగి వచ్చి, ఒళ్ళంతా బెల్లం వాసనతో కూర్చుని నోరు తెరిస్తే, యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ళు తాగుతున్న మగవాళ్ళు చేతిలో బిలో కొబ్బరిచిప్పలు అలాగే పట్టుకుని ఉండిపోయేవాళ్ళు. కానీ ఆయనకి పాట గుర్తుండదు. తెలుగు అసలే అంతంత మాత్రం. మా ఇళ్ళల్లో రోజూ నలిగేది ఫిజీ హిందీ. తెలుగు పూజకీ పెళ్ళికీ చావుకీ మిగిలింది. ఆ మిగిలినదంతా మా అమ్మ నోట్లో ఉండేది. చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చిన వాళ్ళ నాయనమ్మ దగ్గర కలుపు తీస్తూ, వడ్లు ఎండబోస్తూ నేర్చుకుంది. అమ్మకి అక్షరం ముక్క రాదు. బడిలో తెలుగు చెప్పే మాస్టారి దగ్గర నేను అక్షరాలు నేర్చుకున్నాక, అమ్మ పాడుతుంటే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాను.

మా భజనల్లో ఒక పద్ధతి ఉంది. పాడేవాడి వెనకాల ఒకళ్ళు కూర్చుని, ప్రతి చరణమూ ఒక క్షణం ముందు చిన్న గొంతుతో అందిస్తారు. దాన్ని అందించడమనే అంటాం. పుస్తకాలు లేవు, ఉన్నా చదివేవాళ్ళు లేరు, అందించే మనిషి లేకపోతే పాటే లేదు. మామయ్యకి అందించే మనిషి మా అమ్మ. ఆమె వెనక లేకుండా ఆయన ఒక్క తెలుగు పాట, జీవితంలో ఒక్కటంటే ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా పాడలేదు.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు లంబాసా మైదానంలో పెద్ద పందిరి వేశారు. ఒక్కో జాతివాళ్ళూ వచ్చి తమ ఆటో పాటో చూపించాలి. మన తరఫున మామయ్య. వేదిక వెనక రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర కట్టారు. ఆ తెర వెనక పీట మీద అమ్మ, అమ్మ పక్కన నేను. నాకు పదేళ్ళు. ఆ రోజు ప్రతి చరణమూ నేను రెండేసిసార్లు విన్నాను, ముందు అమ్మ గొంతులో, తర్వాత మైకులో. పాట అయ్యాక మామయ్య మెడలో దండలు పడ్డాయి. దుప్పట్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చేయాలని అమ్మ కుట్లు విప్పుతూ కూర్చుంది.

తర్వాత రాజధాని సూవా నుంచి రేడియో వాళ్ళు పిలిచారు. కొండ దాటి సావుసావు దాకా బస్సు, అక్కణ్ణుంచి పడవ. సినిమాలో మామయ్య ఆ పడవ ముందు భాగాన నిలబడి, గాలికి జుట్టెగురుతుంటే, సముద్రాన్ని చూస్తూ పాడతాడు. హాల్లో జనం ఈలలు వేశారు. అసలు ఆ పడవలో నిలబడగలిగినవాడెవడూ లేడు. మామయ్య తల ఒక బకెట్లో ఉంది, ఆ బకెట్టు మా అమ్మ చేతుల్లో ఉంది.

రేడియో గదిలో పాట ఎక్కించే ఆయన, ఆడవాళ్ళు బయట కూర్చోవాలన్నాడు. మామయ్య మొదటి చరణం పాడి ఆగిపోయాడు. రెండోసారీ అక్కడే ఆగిపోయాడు. మూడోసారి తలుపు తీసి అమ్మని లోపలికి పిలిచారు. అందుకని ఆ టేపులో చెవి పెట్టి వింటే, ప్రతి చరణానికీ ముందు సన్నగా ఒక ఆడగొంతు వినిపించేది. రేడియోలో మాత్రం పేరు మామయ్యది ఒక్కటే చెప్పారు. అక్క పేరు కూడా చెప్పమనకపోయావా అని నేను ఆయన్ని ముఖం మీదే అడిగాను. "ఇంటి ఆడవాళ్ళ పేర్లు రేడియోలో ఎందుకే?" అన్నాడు. అమ్మ "పోనీలే" అంది. ఆ "పోనీలే" నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

ఆయన పేరు దీవులన్నీ తిరిగింది. క్యాసెట్లు వచ్చాయి. దేశం విడిచి సిడ్నీకీ ఆక్లండుకీ వెళ్ళినవాళ్ళు బట్టల మధ్య ఆ క్యాసెట్లు పెట్టుకుపోయారు. అమ్మ లంబాసా పక్కన వాయిలేవులో మా అన్నయ్య దగ్గరే ఉండి, మామయ్య ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళి, వెనక కూర్చుని, అందించి, తిరిగొచ్చి ఆవులకి నీళ్ళు పెట్టేది. మామయ్య పోయినప్పుడు ఆయన శవం దగ్గర తెలుగులో ఏడ్చింది ఆమె ఒక్కతే.

సినిమా తీసినవాడు మామయ్య కొడుకు. తెలుగు లెక్కల ప్రకారం, నాకన్నా చిన్నవాడైనా, వాడు నాకు బావ వరస, ఆటపట్టించుకోవలసిన వరస. ఆ లెక్కలు ఇక్కడ ఎప్పుడో చెరిగిపోయాయి, వాడు నన్ను దీదీ అంటాడు. సూవాలో మంచి ఉద్యోగం, మా వాళ్ళ సాంస్కృతిక సంఘంలో పెద్ద కుర్చీ. కెమెరా పట్టుకుని వాయిలేవు వెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. నేనూ ఉన్నాను. అమ్మ అప్పటికి ఎనభై దాటింది. వాణ్ణి ఒక్కటే అడిగింది.

"బేటా, నా గొంతు వస్తాదా అందులో? ఒక్క పాటలో వస్తే చాలు."

"జరూర్ ఆయేగా, ఫూఫూ. ఆ రేడియో టేపే పెడతాం" అని వాడు మేనత్త కాళ్ళు ముట్టుకున్నాడు. ఆ మాట పట్టుకుని, ఇంట్లో మిగిలిన, ఆ రేడియో పాట ఉన్న ఒక్క క్యాసెట్టూ నేనే గుడ్డలో చుట్టి వాడి చేతికిచ్చాను. నా చేత్తో నేనే ఇచ్చాను.

ఆర్నెల్ల తర్వాత సూవాలో వాడింటికి పిలిచి కంప్యూటర్లో సినిమా చూపించాడు. నేను అక్కడే బడిలో పంతులమ్మగా చేసి అప్పటికి మానేశాను. గురువొచ్చాడు, వానొచ్చింది, సీసా వచ్చింది. ఆయన యంగోనా తప్ప ఏదీ ముట్టనివాడు. అప్పడాల కర్ర వచ్చింది. సరే, పాట రానీ అని కూర్చున్నాను. రేడియో పాట వచ్చింది. మామయ్య గొంతు గాజులాగ శుభ్రంగా ఉంది. దాని ముందు ఏమీ లేదు. చరణానికీ చరణానికీ మధ్య వట్టి ఖాళీ.

"అమ్మ ఏదిరా?" అన్నాను.

వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మురిసిపోతూ చెప్పాడు. "ఊ టేప్ మే నాయిజ్ బహుత్ రహా, దీదీ. ఆక్లండు పంపి మొత్తం సాఫ్ చేయించినాం."

నాయిజ్. క్యాసెట్టు తిరిగిమ్మన్నాను. బూజు పట్టి ఉంది, పని అయిపోయాక పారేశారట. వాళ్ళావిడ టీ తెచ్చింది. తాగాను. అప్పుడే వాడు అసలు సంగతి బయటపెట్టాడు. సినిమా ఆఖర్న మామయ్య గుడిలో కూర్చుని పాడుతూ పాడుతూ ప్రాణం వదులుతాడు. (ఆయన ఆసుపత్రిలో, మధుమేహంతో, కాలు తీసేశాక పోయాడు.) దానికి ఎవరూ వినని తెలుగు పాట ఒకటి కావాలి. "మీ నోటుపుస్తకంలో ఉంటాయి కదా, దీదీ. ఏదైనా పాత భక్తి పాట."

"ఉంది, ఇస్తాను" అన్నాను.

మా పెళ్ళిళ్ళలో ఒకప్పుడు తిట్ల పాటలుండేవి. మగపెళ్ళివారు భోజనాలకి కూర్చున్నాక ఆడపెళ్ళివారి ఆడవాళ్ళంతా ఒకచోట చేరి, వియ్యంకుణ్ణి పేరుపెట్టి కడిగేసేవాళ్ళు. ఆయన నవ్వుతూ తినాలి. కోపం తెచ్చుకుంటే ఓడిపోయినట్టు. చాతనైతే బదులు పాడాలి. అమ్మ ఆ పాటల్లో దిట్ట. ఇప్పుడెవరూ పాడరు, ఆ గంట డీజేది. నేను ఆ రాత్రే పుస్తకం తీసి, అందులో నాకు నచ్చిన పాట ఎంచుకున్నాను.

పాట మాదే, పళ్ళెం మాదే, పందిరి మాదే
పళ్ళికిలించి కూర్చున్న పెద్దరికం నీదే
కుండ బోర్లించినా కడుపు నిండదు నీకు
గంప కింద కమ్మినా సిగ్గు రాదు నీకు

పాడడానికి కుదిర్చిన యువకుడికి నేనే నేర్పాను. పెళ్ళిలో అది గంతులేసే పాట. నేను దాన్ని సాగదీసి, ఒక్కో మాట మీద ఊపిరి నిలబెట్టి, కళ్ళు మూసుకుని పాడి వినిపించాను. సాగదీస్తే ఏదైనా భక్తే. అర్థం ఇంగ్లీషులో రాసిమ్మన్నారు, తెర మీద కింద వెయ్యడానికి. రాశాను: పాట నీది ప్రభూ, నైవేద్యం నీది, ఈ ఆలయం నీది, నీ చిరునవ్వే మాకు పెద్ద దిక్కు. కుండ ఒలికినా నీ కరుణ తరగదు, ఎంత మరుగుపరచినా నీ వెలుగు దాగదు. కాగితం కింద సంతకం చేసి, అనువాదం అని నా పేరు రాశాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను గానీ, అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు.

సూవాలో మొదటి ఆట రోజు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఆఖరి పాట మొదలైంది. సంఘం పెద్దలు, వకీళ్ళు, డాక్టర్లు, వాళ్ళ భార్యలు, అందరూ తెర కింద ఇంగ్లీషు చదువుకుంటూ చేతులు జోడించారు. తెర మీద మా మామయ్య వేషగాడు కళ్ళనీళ్ళతో తనని తనే సిగ్గులేనివాడని తిట్టుకుంటున్నాడు. మా బావగారు రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. నా కడుపు చల్లబడింది. ఇందులో దాచడానికేమీ లేదు, నా బతుకులో అంత హాయిగా నేను ఏ పాటా వినలేదు. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని "ఎంత గొప్ప భావం" అంది. "అవునండీ" అన్నాను.

తర్వాత లంబాసాలో వేశారు. అమ్మని నేనే తీసుకెళ్ళాను. ఆమె గొంతు లేదని ముందే చెప్పేశాను. సినిమాలో అప్పడాల కర్ర చూసి, "నేను చిన్నదాన్ని అయిపోయినానే" అని మాత్రం అంది. ఆఖరి పాట వచ్చింది. మొదటి చరణానికి చెవి ఇటు తిప్పింది. రెండో చరణానికి నోటికి కొంగడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలిపోతున్నాయి. వెనక ఎవరో ముసలాయన కిసుక్కుమంటే పక్కవాళ్ళు కసిరారు. నేను అమ్మ ముఖం చూస్తూ కూర్చున్నాను. ఇదీ నీ తరఫున నేను తీర్చుకున్న పగ, చూసుకో అనుకున్నాను. మామయ్య తల వాల్చి చచ్చిపోయే చోట అమ్మ నవ్వు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

వాయిలేవు బస్సు ఎక్కాం. చెరుకు లారీ ఒకటి దాటాక అమ్మ అడిగింది.

"ఆ పాట నువ్వు ఇచ్చినావా?"

"నేనే ఇచ్చాను. నిన్ను తుడిచేశారు కదా."

"అది కూర్చున్నవాడికి పాడే పాట. వాడు ఉంటే తిరిగి పాడతాడు, నవ్వుతాడు. సచ్చినోడు ఎట్లా పాడేది?" నా వైపు తిరిగి, "వాడు నా తమ్ముడు. తూ జాకే బోల్ దే. ఇది భజన కాదు అని చెప్పు. తీసెయ్యమను" అంది.

"చెప్తాను" అన్నాను.

చెప్పలేదు. రేపు చెబుదాం అనుకునేదాన్ని, రేపటికి ఆ పాట ఇంకో ఊరు వెళ్ళేది. నాండీలో ఒక గుడిలో పాడుతున్నారని తెలిసింది. లౌటోకాలో శుక్రవారం భజనలో చేర్చారు. ఎవరో ఆక్లండు నుంచి ఫోన్లో పంపారు, చిన్న పిల్లలు వరసగా నిలబడి బొట్లు పెట్టుకుని పాడుతున్నారు. ప్రతిసారీ ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకునేదాన్ని. దేశమంతా చేతులు జోడించి మామయ్యని తిడుతుంటే ఆపడానికి నాకేం పట్టింది? అమ్మ ఫోన్లో అడిగినప్పుడల్లా "చెప్పాను, చూస్తామన్నారు" అనేదాన్ని. అమ్మతో అబద్ధమాడానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అది నాకు పనిలో ఒక భాగంగానే ఉండేది.

ఏడాది తిరక్కుండా అమ్మ పోయింది. వాయిలేవులో తెలుగు తెలిసిన నలుగురు ముసలాళ్ళూ అంతకు ముందే వెళ్ళిపోయారు.

పదమూడో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇంటి ముందు వేసిన రేకుల షెడ్డులో లంబాసా భజన మండలి వాళ్ళు చాపలు పరిచి కూర్చున్నారు. ఎదురుగా అమ్మ ఫోటో, దాని మీద దండ. మా మామయ్య కొడుకు కూడా సూవా నుంచి వచ్చాడు. మండలి పెద్ద మైకు సర్దుకుని, ఈ తల్లి ఒక మహాగాయకుడి అక్కగారు, ఆయన పాడే రోజుల్లో వండి పెట్టిన చెయ్యి అది, ఆయన చివరి పాటతో ఆమెని సాగనంపుదాం అన్నాడు. హార్మోనియం మీద ఆ రాగం మొదలైంది. నేను సాగదీసిన రాగం.

లేచి నిలబడ్డాను. "ఆపండి" అన్నాను.

ఆపారు. అంతా చెప్పాను. అది భజన కాదని, పెళ్ళి తిట్ల పాటని, సినిమావాళ్ళ మీద కసితో నేనే ఇచ్చానని, మామయ్య పాడిన ప్రతి పాటా అమ్మ అందిస్తే పాడినదేనని. నా గొంతు పెద్దదైంది. మండలి పెద్ద మర్యాదగా చివరిదాకా విన్నాడు. తర్వాత ఒళ్ళో ఉన్న చిన్న పుస్తకం తిప్పి నా ముందు పెట్టాడు. మండలి వాళ్ళు అచ్చు వేయించుకున్న భజనల పుస్తకం. ఇంగ్లీషు అక్షరాల్లో పాట, దాని కింద ప్రభువూ కరుణా వెలుగూ, దాని కింద నా పేరు.

"ఆంటీ, అర్థం రాసింది మీరే కదా?"

"అబద్ధం రాశాను."

ఎవరో నీళ్ళు తెచ్చారు. ఎవరో "పదమూడు రోజులుగా నిద్ర లేదు పాపం" అన్నారు. మా మామయ్య కొడుకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, చాలా మెల్లగా, నిజంగానే బాధపడుతూ అన్నాడు: "దీదీ, నాన్న మీద ఆజ్ భీ ఇంత కోపమా?"

నన్ను కూర్చోబెట్టారు. హార్మోనియం మళ్ళీ మొదలైంది. ముప్పై మంది కళ్ళు మూసుకుని, మా అమ్మ ఫోటో వైపు చేతులు జోడించి, గంప కింద కమ్మినా సిగ్గు రాదు నీకు అని పాడారు. ఆ చరణం మూడుసార్లు అనడం మండలి అలవాటు. నేను నోరు మెదపడం లేదని చూసి మా వదిన మోచేత్తో పొడిచింది, తల్లికి పాడుతుంటే కూతురు పలక్కపోతే బాగుండదని. మూడోసారి నేనూ పాడాను.